ప్రొడక్టివ్ అంటే ఎక్కువసేపు పనిచేయడమా? 70 గంటల వాదనలో కలగలిసిపోయిన లెక్కలు

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి ఒక పాడ్‌కాస్ట్‌లో మాట్లాడుతూ, మన దేశంలో పని ఉత్పాదకత ప్రపంచంలోనే బాగా తక్కువగా ఉందని, యువత వారానికి 70 గంటలు పనిచేయడానికి సిద్ధపడాలని అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ ఆ అంకెను 90కి తీసుకెళ్లారు. అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజువారీ పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అప్పటినుంచి ఆఫీసు క్యాంటీన్లలో, కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఈ వాదన నడుస్తూనే ఉంది.

గంటలు పెంచాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ తమ వాదనకు బలంగా చూపించేది ఒకే మాటను: ప్రొడక్టివ్. ఎక్కువ పనిచేస్తే ప్రొడక్టివ్ అవుతామని ఒకరంటే, తక్కువ గంటలు పనిచేసేవాళ్లే ప్రొడక్టివ్ అని ఇంకొకరంటారు. ఇద్దరి చేతుల్లోనూ అంకెలుంటాయి, ఇద్దరి అంకెలూ తప్పు కాదు. తేడా ఎక్కడొస్తోందంటే, ఇద్దరూ వేస్తున్న భాగహారం ఒకటి కాదు.

భాగహారంలో పైన ఏముంది, కింద ఏముంది

ప్రొడక్టివ్ అనే విశేషణానికి మూలార్థం చాలా మామూలుది: ఏదో ఒకటి పుట్టించేది. అది మంచిదో చెడ్డదో ఆ మాట చెప్పదు. కఫం పడే దగ్గును డాక్టర్లు ‘ప్రొడక్టివ్ కాఫ్’ అంటారు. దగ్గినప్పుడు ఏదో బయటికి వస్తోందని చెప్పడమే తప్ప అందులో మెచ్చుకోలు లేదు.

ఆర్థికశాస్త్రం ఈ మాటను ఒక కొలతగా మార్చింది. వచ్చిన దాన్ని, దానికోసం పెట్టిన దానితో భాగిస్తే వచ్చేది ఉత్పాదకత. లవంలో వచ్చిన ఫలితం ఉంటుంది. హారంలో పెట్టినది, అంటే గంటలు, మనుషులు, ఎకరాలు, నీళ్లు, డబ్బు, వీటిలో ఏదైనా ఉండొచ్చు. కాబట్టి ఎవరైనా ఫలానా దేశం, ఫలానా కంపెనీ, ఫలానా మనిషి ప్రొడక్టివ్ అన్నప్పుడు, ఆ వాక్యంలో సగం మాత్రమే మనకు వినపడుతుంది. దేనికి ఎంత అన్నది చెబితేనే వాక్యం పూర్తవుతుంది.

దీని చుట్టూ తిరిగే మరికొన్ని మాటలున్నాయి. బిజీ అంటే చేతినిండా పని ఉండటం, అంతే. ఎఫిషియెంట్ అంటే వృథా లేకుండా చేయడం. ఎఫెక్టివ్ అంటే అనుకున్న ఫలితం రాబట్టడం. ఎవరూ చదవని రిపోర్టును ఒక్క పొరపాటు లేకుండా గంటలో తయారుచేసిన ఉద్యోగి ఎఫిషియెంటే. గంటకు ఇన్ని పేజీలని కొలిస్తే ప్రొడక్టివ్ కూడా. కానీ దానివల్ల ఎవరికీ ఏ నిర్ణయానికీ పనికొచ్చింది లేదు కనుక ఎఫెక్టివ్ కాదు.

ఒకే కుట్టు యూనిట్, ఒకే రోజు, మూడు జవాబులు

జాకెట్లు కుట్టే చిన్న యూనిట్ ఒకటి ఊహించుకుందాం. ఒక టైలరు 8 గంటల్లో 16 జాకెట్లు కుడుతుంది. రోజు కూలి 800 రూపాయలు. అంటే గంటకు 2 జాకెట్లు, ప్రతి 100 రూపాయల కూలికి 2 జాకెట్లు.

పండగ సీజన్ వచ్చింది, యజమాని ఇంకో రెండు గంటలు ఉండమన్నాడు. ఎనిమిది గంటలు మెషిన్ మీద వంగి కూర్చున్న నడుం, సూది వైపే చూసిన కళ్లు మొదటి గంటలో ఉన్నట్టు ఉండవు. చివరి రెండు గంటల్లో రెండే జాకెట్లు అయ్యాయి. మొత్తం 18.

ఇప్పుడు ఆ రోజు మరింత ప్రొడక్టివ్‌గా గడిచిందా? ఉత్పత్తి 16 నుంచి 18కి పెరిగింది, నిజమే. గంటల లెక్కన చూస్తే 2 నుంచి 1.8కి పడిపోయింది. యజమాని అదనంగా ఏమీ ఇవ్వలేదనుకోండి. అప్పుడు అదే 800కి 18 జాకెట్లు వచ్చాయి, వంద రూపాయలకు 2.25. ఆయన పుస్తకంలో ఉత్పాదకత పెరిగినట్టే కనిపిస్తుంది. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పెట్టిన నిబంధనను ఆయన పాటించాడనుకుందాం. రెండు గంటలకు 400 కలిసి కూలి 1,200 అయింది, వందకు జాకెట్లు 1.5కి దిగాయి.

అదే మనిషి, అదే మెషిన్, అవే 18 జాకెట్లు. హారంలో గంటలు పెడితే తగ్గింది, ఓవర్‌టైమ్ ఎగ్గొట్టిన కూలి పెడితే పెరిగింది, చట్టప్రకారం ఇచ్చిన కూలి పెడితే బాగా తగ్గింది. నెల జీతం మీద పనిచేసేవాళ్ల విషయంలో యజమాని, ఉద్యోగి ఎందుకు ఒకరి మాట ఒకరికి అర్థం కానట్టు మాట్లాడుకుంటారో చాలావరకు ఈ చిన్న లెక్కలోనే తెలుస్తుంది. జీతం మారకుండా గంటలు పెరిగితే, ఆ అదనపు గంటలో ఎంత తక్కువ పని జరిగినా కంపెనీ లెక్కలో అది లాభమే.

గంటలు పెరిగేకొద్దీ ఏమవుతుంది

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో మందుగుండు ఫ్యాక్టరీ కార్మికుల పనిగంటలు, ఉత్పత్తి వివరాలను అక్కడి ప్రభుత్వం నియమించిన కమిటీ జాగ్రత్తగా నమోదు చేసింది. వాళ్లలో ఎక్కువమంది మహిళలు. దాదాపు వందేళ్ల తర్వాత స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెంకావెల్ ఆ పాత అంకెలను మళ్లీ విశ్లేషించారు. వారానికి సుమారు 49 గంటల వరకు గంటలతో పాటే ఉత్పత్తీ పెరిగింది. ఆ తర్వాత పెరుగుదల నెమ్మదించింది. వారానికి 70 గంటలు పనిచేసినప్పుడు వచ్చిన మొత్తం ఉత్పత్తికీ, 56 గంటలకు వచ్చినదానికీ పెద్ద తేడా లేదు. గంటకు ఎంత అన్నది కాదు, మొత్తమే పెరగలేదు. ఆదివారం సెలవు లేకుండా వరసగా పనిచేయించినప్పుడు పరిస్థితి ఇంకా దిగజారింది.

అది చేతిపని, యుద్ధకాలం, వేరే దేశం. దాన్ని తెచ్చి హైటెక్ సిటీలో కోడ్ రాసేవాళ్ల మీద యథాతథంగా పెట్టడం సరికాదు. కానీ అలసట అనేది శరీరానికి సంబంధించింది కనుక, గంటలతో పాటు ఉత్పత్తి పెరిగే గీత ఎక్కడో ఒకచోట వంగుతుందన్నది పక్కన పెట్టలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించిన అంచనా ప్రకారం, వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ.

గంటలు పెంచాలనేవాళ్ల వాదనలోనూ బలం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ, జపాన్ జనం ఎంతో కష్టపడి దేశాలను నిలబెట్టుకున్నారన్నది నారాయణమూర్తి చూపిన ఉదాహరణ. మంచి యంత్రాలకు పెట్టుబడి లేని పేద దేశం దగ్గర ఎక్కువగా ఉండేది మనుషుల సమయమే. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువసేపు పనిలో ఉంటే త్వరగా నేర్చుకుంటారు, ఆ నేర్పు తర్వాతి ఏళ్లలో గంటకు వచ్చే ఫలితాన్ని పెంచుతుంది. ఇవి కాదనలేని విషయాలే. కాకపోతే గంటలు పెంచడం మొత్తం ఉత్పత్తిని పెంచే దారి. ఉత్పాదకత తక్కువగా ఉందన్న జబ్బుకు అది నేరుగా మందు కాదు, ఎందుకంటే ఆ గంటలే హారంలో కూర్చుంటాయి. పైగా మనవాళ్లు ఇప్పటికే తక్కువ గంటలేం పనిచేయడం లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 అంకెల ప్రకారం మన దేశంలో సగటు వారానికి 46.7 గంటలు. ఇక జర్మనీలో ఇప్పుడు ఒక్కో ఉద్యోగి ఏడాదికి పనిచేసేది సగటున 1,350 గంటల లోపే, సంపన్న దేశాల్లో అతి తక్కువ పనిగంటలున్న వాటిలో అదొకటి.

ఆసు యంత్రం: పనిముట్టు మారితే ఏం జరుగుతుంది

మరి గంటకు వచ్చే ఫలితం ఎలా పెరుగుతుంది? దీనికి తెలుగు నేల మీదే మంచి ఉదాహరణ ఉంది.

పోచంపల్లి చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. ఒక చివర ఒక పుల్ల, దానికెదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా పుల్లలు ఉంటాయి. పట్టు పోగును ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి, ఒక్కో పుల్లకు లెక్కప్రకారం చుడుతూ పోవాలి. పోగు తెగకూడదు, లెక్క తప్పకూడదు. తప్పితే తర్వాత చిటికీలు కట్టి, అంటే రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టి, రంగులద్దినప్పుడు డిజైన్ చెదిరిపోతుంది. ఒక చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఈ పని చేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే భుజం, మోచెయ్యి రాత్రికి పనిచేయవు.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మికి వచ్చిన భుజం నొప్పి అదే. పెద్ద చదువు లేని మల్లేశం 1992లో మొదలుపెట్టి, ఒక్కో భాగమూ పొరపాట్లు దిద్దుకుంటూ తయారుచేసి, 1999 నాటికి ఆసు పోసే యంత్రాన్ని పనిచేయించారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. రోజుకు రెండు చీరల దగ్గర ఆగిపోయే పని ఆరేడు చీరల వరకు వెళ్లింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడ ఎవరూ గంటలు పెంచలేదు, ఎవరినీ ఇంకా కష్టపడమనలేదు. పనిముట్టు మారింది. అర్థశాస్త్ర పుస్తకాల్లో పెట్టుబడి, సాంకేతికత అని రెండు మాటల్లో తేల్చేసే విషయం ఇదే.

అయితే దీనికి రెండో సగం కూడా ఉంది. ఆసు మూడింతలు వేగంగా అయినంత మాత్రాన చీరలు మూడింతలు రావు. ఆసు తర్వాత చిటికీలు కట్టాలి, రంగులద్దాలి, మగ్గం మీద రోజుల తరబడి నేయాలి. ఆ పనులకు పట్టే కాలం అలాగే ఉంది. వరసలో అన్నిటికన్నా నెమ్మదిగా సాగే పనే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. అందుకే ఒక మెట్టులో ఉత్పాదకత పెరిగిందన్న వార్తను మొత్తం పరిశ్రమకు అంటగట్టి చదవకూడదు. ఇంకోటి, ఆ మిగిలిన మూడు గంటలు ఎవరివి? ఆ ఇల్లాలు విశ్రాంతి తీసుకుంటే చీరల లెక్కలో ఏ మార్పూ కనపడదు. నా దృష్టిలో మాత్రం ఆ యంత్రం తెచ్చిన ఫలితాల్లో మొదటిది అదే, ఆమె భుజానికి నొప్పి తప్పడం.

పొలంలో: ఎకరానికా, మనిషికా

వ్యవసాయంలో ఈ మాట ఇంకా తికమకపెడుతుంది. కూలీల గుంపు రోజంతా కోసే ఎకరం వరిని కోత మిషన్ గంట, గంటన్నరలో కోసి నూర్చి పెడుతుంది. మనిషి గంటకు వచ్చే ధాన్యం ఎన్నో రెట్లు పెరిగింది. కానీ ఎకరానికి పండేది మాత్రం మిషన్ వచ్చినా 30 బస్తాలు 30గానే ఉంటాయి. మన వ్యవసాయ అధికారులు ఉత్పాదకత అన్నప్పుడు ఎక్కువగా చెప్పేది ఈ ఎకరా దిగుబడినే. బోర్ల మీద సాగుచేసే రైతుకు అసలు హారం నీళ్లు. ఎకరా దిగుబడిలో బ్రహ్మాండంగా ఉండే వరి, నీటి లెక్కకొచ్చేసరికి జొన్న ముందు నిలవదు.

దేశం మొత్తం లెక్కకొద్దాం. 2023-24 కార్మిక సర్వే ప్రకారం పనిచేసేవాళ్లలో దాదాపు 46 శాతం వ్యవసాయంలో ఉన్నారు. దేశ ఆదాయంలో ఆ రంగం వాటా సుమారు 18 శాతం. దేశ సగటును 1 అనుకుంటే, 18ని 46తో భాగిస్తే 0.39. మిగతా రంగాల 82 శాతాన్ని మిగతా 54 శాతం మందితో భాగిస్తే 1.52. అంటే వ్యవసాయం బయట పనిచేసే ఒక్కో మనిషి లెక్కలోకి దాదాపు నాలుగింతల ఆదాయం వస్తోంది. మన దేశ సగటు ఉత్పాదకత తక్కువగా ఉండటానికి పెద్ద కారణం ఇక్కడుంది. రైతు బద్ధకస్తుడు కావడం వల్ల వచ్చిన అంకె కాదిది. పని తక్కువగా ఉండే నెలల్లో కూడా ఆ మనుషులంతా వ్యవసాయంలోనే లెక్కకు రావడం, వేరే పని దొరక్కపోవడం, పంటకు వచ్చే ధర, అన్నీ కలిసి ఆ 0.39 అయ్యాయి. సాఫ్ట్‌వేర్ కుర్రాడు రాత్రి పదకొండు వరకు ఆఫీసులో కూర్చుంటే ఈ అంకె కదలదు.

దేశాలను పోల్చినప్పుడు వచ్చే చిక్కు

జాకెట్లను, బస్తాలను లెక్కపెట్టొచ్చు. దేశం మొత్తం తయారుచేసేవన్నీ కలపాలంటే డబ్బులోకి మార్చాలి, అక్కడ ధర దూరిపోతుంది. కాకినాడలో ఒక మంగలి అరగంటలో చేసిన హెయిర్‌కట్‌కు 100 రూపాయలు వస్తాయనుకుందాం. డాలస్‌లో అదే అరగంటకు 25 డాలర్లు. కత్తెర అదే, జుట్టు అదే, బహుశా నేర్పు కాకినాడలోనే ఎక్కువ. మారకపు రేటుతో లెక్కేస్తే డాలస్ మంగలి ఇరవై రెట్లు ప్రొడక్టివ్. స్థానిక ధరల తేడాను సర్దుబాటు చేసే లెక్కలున్నాయి, వాటితో ఈ దూరం తగ్గుతుంది, పూర్తిగా పోదు. చుట్టూ ఉన్న ఊరు సంపన్నమైనది కావడం వల్లే ఆ అరగంటకు అంత ధర వస్తోంది.

పనిగంటకు ఆదాయంలో ఐర్లండ్ జాబితాల పైభాగాన ఉంటుంది. అక్కడి తక్కువ పన్నుల వల్ల పెద్ద బహుళజాతి కంపెనీలు తమ లాభాలను ఆ దేశం ఖాతాలో చూపడం అందుకు ముఖ్య కారణం. ఐర్లండ్ ఉద్యోగి చేతులు అందరికన్నా వేగంగా కదులుతున్నాయని కాదు.

లెక్కకు దొరకని పనులు

ఏది ప్రొడక్టివ్ పని అన్న దానిపై పెద్దవాళ్లే తడబడ్డారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఒక వర్గం ఆర్థికవేత్తలు వ్యవసాయం ఒక్కటే నిజంగా సంపద పుట్టిస్తుందని, చేతివృత్తుల వాళ్లది గొడ్రాలి వర్గమని అన్నారు. 1776లో ఆడమ్ స్మిత్ దాన్ని సరిదిద్దారు గానీ, ఇంటి పనివాళ్లతో పాటు లాయర్లు, వైద్యులు, సంగీతకారుల శ్రమను కూడా అనుత్పాదక శ్రమ కిందే వేశారు. చేతికి దొరికే వస్తువు మిగలకపోవడమే ఆయన అభ్యంతరం. ఇప్పుడు మన ఆదాయంలో సగానికి పైగా అలాంటి సేవలదే.

సేవలను కొలవడం మాత్రం నేటికీ కష్టమే. 1982లో యాపిల్ కంపెనీ లిసా కంప్యూటర్ తయారీలో ఇంజినీర్లు వారానికి ఎన్ని లైన్ల కోడ్ రాశారో ఫారం నింపాలని మేనేజర్లు నిబంధన పెట్టారు. వాళ్లలో ఒకరైన బిల్ అట్కిన్సన్ ఆ వారం పాత కోడ్‌ను తీసేసి చిన్నదిగా, ఎంతో వేగంగా పనిచేసేలా తిరగరాశారు. ఫారంలో మైనస్ 2,000 అని నింపారు. లైన్లు లెక్కపెడితే ఆయన కంపెనీకి నష్టం తెచ్చినట్టు. కొన్ని వారాలకు ఆయన్ని ఆ ఫారం అడగడం మానేశారు.

టీచరు సంగతి చూడండి. తరగతిలో 40 మంది బదులు 80 మందిని కూర్చోబెడితే ఒక్క టీచరుకు విద్యార్థుల సంఖ్య రెట్టింపవుతుంది, అంకెలో ఉత్పాదకత కూడా రెట్టింపే. అది ప్రగతి అని ఏ తల్లిదండ్రులూ ఒప్పుకోరు.

అన్నిటికన్నా పెద్ద ఖాళీ ఇంటిపని. 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ వంట, ఉతుకుడు, ఇల్లు ఊడవడం జాతీయాదాయంలోకి రావు. అదే వంట కర్రీ పాయింట్‌లో కొంటే వస్తుంది. ఒక మనిషి వారానికి 70 గంటలు ఆఫీసులో గడపగలిగాడంటే, అతని భోజనం, బట్టలు, పిల్లల హోంవర్క్ ఇంకెవరో చూసుకున్నారనే అర్థం. ఆ గంటలు ఏ హారంలోనూ లేవు. ఆఫీసు నుంచి వచ్చి ఆ పనికి దిగే మహిళను 70 గంటలు ఎందుకు ఇవ్వలేవని అడగడం, ఆమె ఇప్పటికే ఇస్తున్న గంటలను చూడకుండా అడిగే ప్రశ్న.

సొంత జీవితానికి ఈ కొలత పెట్టుకున్నప్పుడు

ఇప్పుడు ఇంటర్ పిల్లలు కూడా ‘ఈ రోజు అస్సలు ప్రొడక్టివ్‌గా లేను’ అని టెన్షన్ పడుతున్నారు. ఫ్యాక్టరీ కోసం పుట్టిన భాగహారాన్ని ఒక మనిషి తన రోజు మీద పెట్టుకున్నప్పుడు లవంలో ఏం రాయాలో తేలదు. చదివిన పేజీలా, అర్థమైన పాఠమా, ఆసుపత్రిలో తాతయ్య పక్కన కూర్చున్న మధ్యాహ్నమా? తేలనప్పుడు చాలామంది తేలిగ్గా లెక్కకు వచ్చేదాన్నే రాసేసుకుంటారు, పూర్తిచేసిన టాస్కులో, కూర్చున్న గంటలో. లెక్కకు రానిదంతా వృథా అయినట్టు అనిపించడం అక్కడినుంచే మొదలవుతుంది.

కొత్త పనిగంటల నిబంధనలను ఎలా చదవాలి

తెలంగాణ ఉత్తర్వులో రోజుకు 10 గంటలు అన్నా, వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. నాలుగు రోజులు పదేసి గంటలు, ఐదో రోజు 8 గంటలు పనిచేస్తే 48 నిండిపోతాయి. ఆరు రోజులూ పదేసి గంటలు పనిచేయిస్తే 60, అందులో 12 గంటలు ఓవర్‌టైమ్. ఆ ఓవర్‌టైమ్‌కూ మూడు నెలలకు 144 గంటల గరిష్ఠ పరిమితి ఉంది. మూడు నెలలంటే దాదాపు 13 వారాలు. వారానికి 12 చొప్పున 156 అవుతాయి కనుక, అన్ని వారాలూ 60 గంటలు నడపడం ఉత్తర్వు ప్రకారమే కుదరదు.

ఇదంతా రాసుకున్న గంటల సంగతి. రాత్రి ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచి ముగించిన పని, ఆదివారం ఫోన్‌లో తేల్చిన ఇష్యూ, షిఫ్టు అయ్యాక మెషిన్ శుభ్రం చేసిన అరగంట చాలా చోట్ల ఏ రిజిస్టరులోకీ ఎక్కవు. వాటివల్ల వచ్చిన ఫలితం మాత్రం లవంలోకి చేరిపోతుంది. 60 గంటల పనిని కాగితం మీద 48 గంటలుగా చూపిస్తే, ఎవరి చెయ్యీ ఒక్క రవ్వ కూడా వేగం పెరగకుండానే ఆ కంపెనీ ఉత్పాదకత 25 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది.